గీత కింద ఏముందో ఎవడిక్కావాలి!

మౌస్ బటన్ నొక్కిపట్టి లాగుతుంటే చెయ్యి ఎటు పోతే అటు సాగే గీత ఉంటుంది చూడండి, దాన్ని మేం రబ్బర్ బ్యాండ్ లైన్ అనేవాళ్లం. బటన్ వదిలేదాకా అది తాత్కాలికం, వదిలాక నిలిచిపోతుంది. ఈ కాస్త పనికి మా రోజుల్లో మనిషి రోజుల తరబడి తల బాదుకునేవాడు. కానీ పని అయ్యేసరికి స్క్రీన్ మీది ప్రతి చుక్క గుట్టూ వాడి గుప్పిట్లో ఉండేది. ఇప్పటి పిల్లలకు ఆ గీత పది నిమిషాల్లో వచ్చేస్తుంది. పదకొండో నిమిషంలో దాని రంగు మారిపోతుంది, లేదా చెరిపేసిన గీతలన్నీ లేచి కూర్చుంటాయి. ఇక చూస్కోండి, లైబ్రరీలో బగ్ ఉందని ఒకటే గోల.

లైబ్రరీల్లో బగ్గులుండవని నేననను. చాలా ఏళ్లు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో గ్రాఫిక్స్ ల్యాబ్ చూసుకున్నవాణ్ని, వాటి సంగతి నాకూ తెలుసు. అయితే ఈ తాత్కాలిక గీతల గొడవలు చాలామటుకు ఒక్కచోటే తేలతాయి: గీసినవాడు ఆ గీత కింద ఏముందో చూడడు. కంటికి కనపడింది చూస్తాడు. మెమరీలో ఉన్న నంబరు చూడడు.

మాది టర్బో సి కాలం. విజిఎ కార్డుంటే 640 బై 480, పదహారు రంగులు. పాత మెషిన్‌లో సిజిఎ కార్డయితే 320 బై 200లో నాలుగంటే నాలుగే రంగులు, అందులో ఒకటి బ్యాక్‌గ్రౌండ్‌కే సరి. హెర్క్యులెస్ కార్డు దొరికినవాడికి 720 బై 348, రంగుల ఊసే లేదు. ఇనిట్‌గ్రాఫ్‌కి బిజిఐ ఫైళ్లున్న చోటు చెప్పడమే పెద్ద గండం. అక్కడ స్లాష్ రెండుసార్లు కొట్టాలి. ఎవడైనా చిన్నక్షరాల్లో, ఒక్క స్లాష్‌తో సరిపెట్టాడా, టీసీ ముందున్నది కాస్తా ట్యాబ్ అయ్యేది, బీజీఐ ముందున్నది బ్యాక్‌స్పేస్ అయ్యేది. ఆ పూటకి బొమ్మ లేనట్టే.

తెర మొత్తాన్ని ఓ పక్కన దాచుకుని, గీత గీసి, చెరపాల్సినప్పుడు పాత తెరను పరిచేద్దామంటే కుదిరేది కాదు. పదహారు రంగుల విజిఎ తెరంటే 1,53,600 బైట్లు. గెట్‌ఇమేజ్ ఒక్క దెబ్బకి 64 కెబి దాటి పట్టదు. డాస్ ఇచ్చేదే 640 కెబి, అందులోనే మన ప్రోగ్రామూ, డ్రైవర్లూ, డాసూ అన్నీ సర్దుకోవాలి. ముక్కలు ముక్కలుగా దాచి, మౌస్ కదిలిన ప్రతిసారీ పరిచామంటే గీత కాళ్లీడ్చుకుంటూ వచ్చేది.

అందుకని ఎక్సార్. సెట్‌రైట్‌మోడ్‌లో ఎక్సార్ పుట్ పెట్టి గీత గీస్తే పెన్ను నంబరూ, తెర మీదున్న నంబరూ బిట్టుకి బిట్టు కలిసి కొత్త నంబరవుతుంది. అదే గీత అదే చోట మళ్లీ గీస్తే పాత నంబరు తిరిగొస్తుంది. మేడ మెట్ల లైటుకి కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి ఉంటాయే, అదే లెక్క. ఏది నొక్కినా ఉన్న స్థితి తిరగబడుతుంది, రెండోసారి నొక్కితే మళ్లీ మొదటికే. దాచుకోవడానికి ఒక్క బైటు కూడా అక్కర్లేదు. ఇందులోనూ ఓ మెలిక ఉండేది. ఆ సెట్‌రైట్‌మోడ్ గీతలకీ, రెక్టాంగిల్‌కీ, డ్రాపాలీకీ పనిచేస్తుంది, సర్కిల్‌కి చెయ్యదు. హెల్ప్‌లో అంత స్పష్టంగా రాసి ఉన్నా, వృత్తాన్ని రెండుసార్లు గీసి అది పోవట్లేదని వచ్చేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉండేవాళ్లు. కంట్రోల్ ఎఫ్1 కొడితే పోయేదానికి సార్ కావాలి.

రబ్బర్ బ్యాండ్ గీత మేం కనిపెట్టిందేమీ కాదు. 1963లోనే ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ తన స్కెచ్‌ప్యాడ్‌లో లైట్ పెన్నుతో గీతను సాగదీసి చూపించాడు. ఆయనకి ఎక్సార్ అవసరమే పడలేదు. ఆ తెర దేన్నీ గుర్తు పెట్టుకోదు. కంప్యూటర్ తన జాబితా చూసుకుంటూ బొమ్మను మళ్లీ మళ్లీ గీస్తూనే ఉండాలి. జాబితాలో గీత కొస మార్చేస్తే పాత గీత దానంతటదే మాయం. చుక్కలన్నిటినీ మెమరీలో నిలవబెట్టే తెరలు వచ్చాకే ఈ చెరిపే తలనొప్పి మొదలైంది. ఎక్సార్‌తో కర్సర్‌ను చూపించి చెరిపే ఉపాయానికి అమెరికాలో 1980లో ఏకంగా పేటెంటే ఇచ్చారు, నంబరు 4197590. మా ల్యాబులో బుర్ర ఉన్న కుర్రాడెవడైనా ఒక మధ్యాహ్నం కూర్చుంటే సొంతంగా తట్టే ముక్క అది. దానికి పేటెంటట! సరే, ఆ సంగతి వదిలేద్దాం.

అసలు చెప్పాల్సింది బ్యాక్‌గ్రౌండ్ గొడవ. ఏటా ఎవడో ఒకడు తెచ్చేవాడు.

"సార్, బ్యాక్‌గ్రౌండ్ తెలుపు పెట్టాను. ఎక్సార్ పెట్టాను. గీత రంగు కూడా తెలుపే ఇచ్చాను. తెలుపుకి తెలుపు ఎక్సార్ కొడితే నలుపు రావాలి గదా సార్? ఏమీ రావట్లేదు."

లెక్క తప్పు కాదు. తెలుపు 15. 15కి 15 ఎక్సార్ సున్నా, సున్నా అంటే నలుపు.

"బ్యాక్‌గ్రౌండ్ ఎలా పెట్టావురా?"

"సెట్‌బీకేకలర్ వైట్ సార్."

"ఆ తెల్లదాని మీద ఒకచోట గెట్‌పిక్సెల్ కొట్టి ఎంతొచ్చిందో చెప్పు."

కొట్టేవాడు. సున్నా వచ్చేది. తెర చూస్తే సున్నం వేసినట్టు మెరిసిపోతోంది, నంబరు చూస్తే సున్నా! ఆ క్షణంలో కుర్రాడి మొహం చూడాలి. సెట్‌బీకేకలర్ తెర మీద ఒక్క చుక్కని కూడా ముట్టుకోదు. ప్యాలెట్‌లోకి పోయి, సున్నా అన్న నంబరు ఇకనుంచి తెల్లగా కనపడాలని మాత్రం రాసొస్తుంది. చుక్కలన్నీ ఎప్పటిలాగే సున్నాలు. ఆ సున్నా మీద 15 ఎక్సార్ చేస్తే 15, అంటే తెలుపు. తెల్లటి దాని మీద తెల్ల గీత, ఇంకేం కనపడుతుంది? పోనీ నల్ల పెన్ను పెడదామంటే నలుపు నంబరు సున్నా, సున్నాతో ఏది ఎక్సార్ చేసినా ఎక్కడి గొంగళి అక్కడే. మందు ఏమిటంటే, బ్యాక్‌గ్రౌండ్ జోలికి పోకుండా సెట్‌ఫిల్‌స్టైల్‌లో తెలుపు పెట్టి, బార్‌తో తెరంతా నింపెయ్యడం. అప్పుడు చుక్కలు నిజంగానే 15 అవుతాయి, కుర్రాడి లెక్క నిజమవుతుంది.

ఇది దాటినవాడికి తరవాతి ప్రశ్న: తెల్లదాని మీద నాకు ఎర్ర గీత కావాలి, ఎర్ర పెన్ను పెడితే లేత సయాన్ వస్తోందేమిటి? ఎరుపు 4. 15 ఎక్సార్ 4 అంటే 11, అదే లేత సయాన్. తిరగేసుకోవాలి మరి. పెన్ను 11 పెట్టు, 15 మీద అది 4 అవుతుంది, ఎర్రగా వస్తుంది. బాగానే ఉంది. ఇప్పుడా గీతను పసుపు పచ్చ పెట్టె మీంచి పోనివ్వు. పసుపు 14, దాని మీద 11 పడితే 5, మెజెంటా. ఆకుపచ్చ మీంచి పోతే 2 కాస్తా 9, లేత నీలం. ఒకే గీత, దారి పొడుగునా మూడు రంగులు. "బగ్ సార్" అనేవాడు. బగ్ ఎక్కడుందిరా, నాలుగు బిట్లు కాగితం మీద వేసుకుని చూడు అనేవాణ్ని. నిజంగానే వేయించేవాణ్ని. ఆ పదహారు రంగుల పట్టికను రికార్డులో బైనరీతో సహా రాయించకుండా సంతకం పెట్టేవాణ్ని కాదు. వెనక తిట్టుకునే ఉంటారు. తిట్టుకోనీ.

రంగు కుదిరాక కూడా చెత్త మిగిలేది. గీత చెరిపాక అక్కడక్కడ చుక్కలు. మొదటి దొంగ మౌస్ బాణం. డాస్‌లో మౌస్ డ్రైవర్ బాణం కింద ఉన్న చుక్కల్ని తను దాచుకుంటుంది. బాణం కనపడుతుండగానే మనం గీత గీస్తే, అది కదిలినప్పుడు దాచుకున్న పాత చుక్కల్ని తెచ్చి గీత మీద పరుస్తుంది. గీతకి చిల్లు పడుతుంది. మనం రెండోసారి గీస్తే అంతా చెరుగుతుంది, ఆ చిల్లున్న చోట మాత్రం కొత్తగా గీత పుడుతుంది. ఇంటరప్ట్ 33లో 2తో బాణాన్ని దాచి, గీసి, 1తో మళ్లీ చూపించడం మా ల్యాబులో చెప్పులు బయట విడవడమంత అలవాటయ్యేది. రెండో దొంగ గీత దిశ. ఎ నుంచి బికి గీసి, బి నుంచి ఎకి చెరిపావనుకో. ఐబిఎం వాడు బ్రెసెన్‌హామ్ 1962లో ప్లాటర్ కోసం తయారుచేసిన పద్ధతినే మన లైబ్రరీలు వాడుకుంటాయి. గీత సరిగ్గా రెండు చుక్కల నడిమధ్యన పడ్డప్పుడు ఏ చుక్క తీసుకోవాలన్నది ఎటునుంచి వస్తున్నామన్నదాన్ని బట్టి మారొచ్చు. పోయేటప్పుడు పై చుక్క, వచ్చేటప్పుడు కింది చుక్క. రెండూ తెర మీద మిగులుతాయి. మూడోది కీళ్లు. నాలుగు గీతలు కలిపి పెట్టె గీస్తే మూల చుక్క రెండు గీతల్లోనూ పడుతుంది, రెండుసార్లు ఎక్సార్ అయి మూల మాయమవుతుంది. పెట్టెకి నాలుగు మూలలా నాలుగు చిల్లులు.

గోధుమ రంగు గురించి ఒక్కమాట చెప్పి ముందుకెళ్తాను. సెట్‌ఆర్‌జీబీప్యాలెట్‌లో 6 పెట్టి గోధుమని మార్చబోతే చలనం ఉండదు. విజిఎలో ఆరో రంగు నేరుగా ఆరో గడిలో ఉండదు, 20వ గడిలో ఉంటుంది. 8 నుంచి 15 దాకా ఉన్నవి 56 నుంచి 63లో ఉంటాయి. ఈజిఎ కాలపు 64 రంగుల లెక్క విజిఎ నెత్తిన అలాగే మిగిలిపోయింది. ముందు గెట్‌ప్యాలెట్ అడిగి, అది చెప్పిన గడి నంబరుని వాడాలి. అడగాలి, ఊహించకూడదు. ఊరికే పెద్దమనిషి చాదస్తమనుకోకండి, దీని మీద సాయంత్రాలకి సాయంత్రాలు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను.

తరవాత విండోస్ వచ్చింది. అమీర్‌పేటలో గోడగోడకీ విజువల్ బేసిక్ పోస్టర్లు వెలిశాయి. పిక్చర్ బాక్స్‌కి డ్రామోడ్ అని ఒక ప్రాపర్టీ, దానికి 1 నుంచి 16 దాకా నంబర్లు. 7 అంటే ఎక్సార్ పెన్. పెట్టగానే గీత మాయం. ఎందుకంటే ఫోర్‌కలర్ మామూలుగా నలుపే ఉంటుంది. ఇక్కడా నలుపు అంటే సున్నాయే. ఊరు మారినా రోగం మారలేదు. తెల్లదాని మీద పెన్ను ఏ రంగైతే ఆ రంగే గీత రావాలంటే 10 పెట్టాలి, నాట్ ఎక్సార్. ఎర్ర పెన్ను ఎర్రగానే గీస్తుంది, రెండోసారి గీస్తే పోతుంది. ఇంత చక్కటి సంగతిని ఏ కోచింగ్ సెంటరు మెటీరియల్‌లోనూ నేను చూళ్లేదు. 6 పెట్టుకోండి, ఇన్వర్ట్ అవుతుందని చెప్పి చాప చుట్టేసేవాళ్లు. చెరపడం అయ్యాక డ్రామోడ్‌ను తిరిగి 13కి తేవడం మర్చిపోతే అసలు గీత కూడా ఎక్సార్‌లోనే పడి వింత రంగుల్లో నిలిచిపోయేది.

ఆటోరీడ్రా ఫాల్స్‌లో ఉందనుకోండి, ఇంకో తమాషా. గీత లాగుతుండగా ఏదో మెసేజ్ బాక్స్ దాని మీదికొచ్చి పోతుంది. అది కప్పిన మేర గీత తుడుచుకుపోతుంది. మన ప్రోగ్రాముకి ఆ సంగతి తెలియదు, చెరుపుతున్నాననుకుంటూ ఇంకోసారి ఎక్సార్ కొడుతుంది. లేని గీతను చెరిపితే గీత పుడుతుంది. రంగుల వరస సంగతీ అంతే. విండోస్ నంబర్లలో ఎరుపు అడుగున, నీలం పైన ఉంటాయి. వెబ్ పేజీ రంగుల్లో ఎరుపు ముందు, నీలం వెనక. వెబ్ నంబరుని తెచ్చి అలాగే అతికిస్తే ఎర్ర గీత నీలంగా వస్తుంది, ఆకుపచ్చ మాత్రం మధ్యలో ఉంటుంది గనక మారదు. ఎరుపూ నీలం తారుమారై, ఆకుపచ్చ భద్రంగా ఉందంటే ఇక డీబగ్గర్ తెరవక్కర్లేదు, వరస తిరగబడిందన్నమాటే.

ఇక ఈ కాలం. మా మేనల్లుడు మాధాపూర్‌లో ఏదో కంపెనీలో ఫ్రంట్ ఎండ్ రాస్తాడు. మ్యాప్ మీద రెండు చోట్ల మధ్య దూరం కొలిచే గీత గీయాలట. ఒక ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. "మామయ్యా, పాత గీతలు చెరిపేస్తున్నా మళ్లీ వస్తున్నాయి. పైగా అన్నీ చివర పెట్టిన రంగులోకి మారిపోతున్నాయి. బ్రౌజర్ బగ్ అనుకుంటా."

ప్రపంచంలో కోట్లమంది వాడే బ్రౌజర్‌కి వీడి గీత మీదే పగ! కోడ్ చూశాను. క్లియర్‌రెక్ట్ ఉంది, మూవ్‌టు, లైన్‌టు, స్ట్రోక్ ఉన్నాయి, బిగిన్‌పాత్ లేదు. క్లియర్‌రెక్ట్ తుడిచేది చుక్కల్ని. లోపల పోగేసుకున్న పాత్ అలాగే ఉంటుంది. స్ట్రోక్ అన్న ప్రతిసారీ మొదట్నుంచీ పోగైన గీతలన్నిటినీ ఇప్పుడున్న రంగుతో గీస్తుంది. ఒక్క లైను చేర్చగానే కుదిరింది. "అంతేనా?" అన్నాడు. అంతే. ఆ అంతే కోసం ఎన్ని చోట్ల వెతికాడో అడిగితే బాధపడతాడని అడగలేదు.

ఆ తరవాత ఎరుపు స్పెల్లింగ్‌లో ఓ అక్షరం ఎక్కువ కొట్టి, గీత నల్లగానే వస్తోందన్నాడు. కాన్వాస్‌కి అర్థంకాని రంగు ఇస్తే నోరెత్తదు, పాత రంగునే ఉంచుకుంటుంది. టర్బో సి నయం, తప్పు రాస్తే మొహం మీద చెప్పేది. ఆపైన నల్ల గీత బూడిద రంగులో, మందంగా వస్తోందన్నాడు. కాన్వాస్‌లో 10 అంటే చుక్క మధ్య కాదు, రెండు చుక్కల నడుమ సరిహద్దు. ఒక చుక్క మందం గీత అటు సగం, ఇటు సగం పంచుకుని రెండు వరసల్నీ బూడిద చేస్తుంది. పదిన్నర అని ఇస్తే నిక్కచ్చిగా నల్లగా వస్తుంది. అర చుక్క కలపడం మా కాలంలో వింటే నవ్వేవాళ్లం.

మనవాడికి ఎక్సార్ మహిమ చెబుతుంటే, "కాన్వాస్‌లో కూడా ఎక్సార్ ఉంది మామయ్యా" అని ఉషారుగా పెట్టాడు. పేరు అదే, మనిషి వేరు. 1984లో పోర్టర్, డఫ్ అనే ఇద్దరు బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి పేర్చడానికి రాసిన సూత్రాల్లోది అది. బిట్లతో దానికి పని లేదు. గీతా, కింది బొమ్మా రెండూ ఉన్నచోట రెంటినీ తీసేసి కన్నం పెడుతుంది. వాడి మ్యాప్‌కి ఈ కొస నుంచి ఆ కొస దాకా సన్నటి చీలిక పడింది. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు, పక్కన మా చెల్లెలుంది.

న్యాయంగా ఒప్పుకోవాలి కాబట్టి ఒప్పుకుంటాను, ఇప్పటి పద్ధతే మెరుగు. మ్యాప్ ఒక కాన్వాస్ మీద, దాని నెత్తిన పారదర్శకంగా ఇంకో కాన్వాస్, తాత్కాలిక గీత దాని మీద. మౌస్ కదిలినప్పుడల్లా పైదాన్ని తుడిచి గీయడమే. కింద పసుపున్నా పచ్చున్నా ఎర్ర గీత ఎర్రగానే ఉంటుంది. మెమరీ ఇన్ని గిగాబైట్లుంటే మేం మాత్రం ఎక్సార్ ఎందుకు పట్టుకుని వేలాడేవాళ్లం? తుడిచి మళ్లీ గీయడమంటే తిరిగి తిరిగి సదర్లాండ్ దగ్గరికే చేరారు, ఆ ముక్క వీళ్లకెవరూ చెప్పలేదు.

కాలేజీల మీద ఇంకా మంట. చాలాచోట్ల ఇప్పటికీ డాస్‌బాక్స్‌లో టర్బో సి తెరిచి అదే ఇనిట్‌గ్రాఫ్ బట్టీ పట్టిస్తున్నారు. పోనీ అదైనా లోతుగా చెబుతారా అంటే, కారు బొమ్మ కుడికి పోవాలి, జెండా ఎగరాలి, రికార్డు నిండాలి. గెట్‌పిక్సెల్ పేరెత్తితే సిలబస్‌లో లేదంటారు. పాతదాన్ని పాతబడ్డాక కూడా సరిగ్గా చెప్పకపోవడం ఒక విద్య.

మొన్న మేనల్లుడే ఫోన్ చేశాడు. ఇప్పుడు యాప్‌కి డార్క్ మోడ్ వచ్చిందట, కొలిచే గీత నల్లది, రాత్రి మ్యాప్ మీద కనపడట్లేదని జనం తిడుతున్నారట. బ్లెండింగ్‌లో డిఫరెన్స్ అని ఉంది కదా, తెల్ల పెన్నుతో అది పెట్టు, చీకట్లో తెల్లగా, వెలుతురులో నల్లగా దానంతటదే వస్తుంది అన్నాను.

"చూశాను మామయ్యా. కింద రంగు 128 దగ్గర ఉంటే 127 వస్తోంది. బూడిద రోడ్ల మీద గీత కలిసిపోతోంది."

నోట మాట రాలేదు. ఇది మా ఎక్సార్‌కి ఉన్న పాత జబ్బే, నడిమి బూడిద మీద గీత గల్లంతు. వాడు నంబరు చూసి చెప్పాడు! చివరికి వాడే ఉపాయం చెప్పాడు. ముందు మందంగా తెల్ల గీత, దాని మీద సన్నగా నల్ల గీత. ఎటుపోయినా రెంటిలో ఒకటి కనపడుతుంది. మ్యాపులు గీసేవాళ్లు ఎప్పట్నుంచో చేసే పనే. సరే, బాగుంది. తెల్ల అంచు ఎంత మందం పెట్టాలో తేలాలంటే ఆ రోడ్ల బూడిద అసలు ఎంతో తెలియాలి కదా, అంత ఖాయంగా 128 అన్నావు, అన్ని రోడ్లూ అంతేనా అని అడిగాను.

"చిన్న రోడ్లది వేరే షేడ్ మామయ్యా. అది డిజైనర్ని అడగాలి, ఆమె సోమవారం దాకా లీవులో ఉంది."

రంగు వాడి తెర మీదే ఉంది. బ్రౌజర్‌లోనే రంగు పట్టుకునే పుల్ల ఉంది, రెండు క్లిక్కులు. సోమవారం దాకా ఆగుతాడట.